ప్లాస్టిక్ సర్జన్ కావాలనుకునే సరిహద్దు జిల్లాల యువ వైద్యులకు: కోరికను పరీక్షించుకోవడం, తృప్తిని నిలుపుకోవడం ఎలా

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, హౌస్ సర్జన్సీ రోజుల్లో ప్లాస్టిక్ సర్జరీ వైపు మొగ్గు చూపుతుంటారు. ఆ మొగ్గు ఎంత గట్టిదో తేల్చుకోవడానికీ, తీరా ఆ వృత్తిలోకి వచ్చిన తరవాత దానిలోని తృప్తి ఎండిపోకుండా చూసుకోవడానికీ పనికివచ్చే కొన్ని పద్ధతులను ఈ వ్యాసంలో వివరిస్తాను. నా దృష్టిలో ఈ రెండింటికీ మూలం ఒకటే. ఈ వృత్తిలో ఫలితం ఆపరేషన్ ముగిసిన రోజున కనిపించదు. రోగి నెలల తరవాతో, ఏళ్ల తరవాతో తిరిగి వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రమే కనిపిస్తుంది. అపెండిక్సు తీసిన సర్జనుకు ఏడో రోజున కుట్లు విప్పడంతో పని ముగుస్తుంది. ప్లాస్టిక్ సర్జనుకు కుట్లు విప్పిన రోజున అసలు పని మొదలవుతుంది. ఈ ఆలస్యాన్ని ఇష్టంగా భరించగలవారే ఈ దారిన రావాలి.

ముందుగా కాలం లెక్క

ఎం.బి.బి.ఎస్. హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నర ఏళ్లు, ఎం.ఎస్. జనరల్ సర్జరీ మూడేళ్లు, ఆపైన నీట్ సూపర్ స్పెషాలిటీ పరీక్ష రాసి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఆర్.ఎన్.బి. అనే పై డిగ్రీ మరో మూడేళ్లు. ఒక్క ఏడాది కూడా వృథా కాకపోతే పదకొండున్నర ఏళ్లు. బాండు సేవ (ప్రభుత్వానికి రాసిచ్చిన ఒప్పందం ప్రకారం చేయవలసిన పని) ఉంటే అది అదనం. మనకు అందుబాటులో ఉన్న శిక్షణ కేంద్రాల్లో కటక్ ఎస్.సి.బి. వైద్య కళాశాల, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల, హైదరాబాదు ఉస్మానియా ముఖ్యమైనవి. ఈ లెక్కను ఇంట్లో పెద్దవాళ్ల ముందు ఒకసారి పరిచి చూపించడం మంచిది, ఎందుకంటే "డాక్టరు చదువు అయిపోయింది కదా, ఇంక సంబంధాలు చూద్దామా" అన్న ప్రశ్న ఎం.ఎస్. మధ్యలోనే మొదలవుతుంది.

కోరికను పరీక్షించుకోవడం

ఈ వృత్తి వైపు లాగే కారణాలు సాధారణంగా నాలుగు: చేతిపని మీద ఇష్టం, వికృతమైన ముఖాన్నీ చేతినీ సరిచేయాలన్న జాలి, డబ్బు, పేరు. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కదాని మీదే బరువంతా వేసినవారు మాత్రం మధ్యలో కుంగిపోతారు. డబ్బు కోసమే వచ్చినవారికి కాలిన గాయాల వార్డు నరకంగా తోస్తుంది. జాలి ఒక్కటే పెట్టుబడిగా వచ్చినవారు, మూడోసారి కూడా గ్రాఫ్ట్ (ఒంట్లో మరో చోట నుంచి తీసి గాయం మీద వేసే చర్మం) అతుక్కోని రోగి ముందు నిలబడలేకపోతారు. నా అనుభవంలో చాలాకాలం నిలిచేది చేతిపని మీద ఇష్టమే. జాలి దానికి దిశ చూపిస్తుంది.

కాబట్టి హౌస్ సర్జన్సీలో ఎంపిక చేసుకోవడానికి వీలున్న రోజులను ప్లాస్టిక్ సర్జరీ విభాగానికో, అది లేని చోట కాలిన గాయాల వార్డుకో కేటాయించండి. ఆపరేషన్ థియేటరులో నిలబడి చూసినది మీకు అంతగా ఉపయోగపడదు, ఎందుకంటే అక్కడ అందరికీ అన్నీ అద్భుతంగానే కనిపిస్తాయి. ఉదయం కట్లు మార్చే గదిలోకి వెళ్ళండి. కాలిన పిల్లవాడు కట్టు విప్పుతుంటే ఏడుస్తాడు, తల్లి గుమ్మం బయట చెవులు మూసుకుంటుంది, గదిలో చీము వాసన ఉంటుంది. అదే గదికి వారం రోజులు వెళ్ళిన తరవాత కూడా, "ఈరోజు గాయం అడుగు ఎర్రబడిందా, గ్రాఫ్ట్ వేయడానికి సిద్ధమైందా" అన్న ఆసక్తి మీలో మిగిలి ఉంటే, అది నమ్మదగిన సూచన.

రెండో పరీక్ష చేతికి. కోడి తొడలో ఎముక పక్కన నడిచే రక్తనాళం సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రోసర్జరీ నేర్చుకునేవారు ప్రపంచమంతటా దానితో అభ్యాసం చేస్తారు. మీ కళాశాలలో పాత మైక్రోస్కోపు ఉంటే దానితో, లేకపోతే లూప్స్ (కళ్ళద్దాలకు అమర్చిన భూతద్దాలు) పెట్టుకొని, ఆ నాళాన్ని కోసి, వెంట్రుక కంటే సన్నని 10-0 దారంతో మళ్ళీ కలపడానికి ప్రయత్నించండి. మొదటిరోజు దారం కనిపించనే కనిపించదు, ముడి జారిపోతుంది, నాళం గోడలు రెండూ కలిసి కుట్టులో పడిపోతాయి. కుట్టు కుదిరిందా లేదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. రెండు గంటలు గడిచాక మీకు విసుగు పుట్టిందా, లేక టైమే తెలియలేదా అన్నది గమనించుకోండి.

మూడో పరీక్ష అన్నిటికంటె ముఖ్యమైనది, దాన్ని చాలామంది చేయరు. వార్డులో ఒక్క రోగిని ఎంచుకొని, డిశ్చార్జి అయిన తరవాత కూడా వెంబడించండి. నెలకు ఒకసారి ఫోను చేయండి, వీలైతే వారి ఊరు వెళ్ళండి. ఆ మనిషి తిరిగి పొలానికి వెళ్ళాడా, ఆ పిల్ల బడికి వెళ్తోందా అని తెలుసుకోవాలన్న ఆత్రం ఆరు నెలల తరవాత కూడా మీకు తగ్గకపోతే, ఈ వృత్తి మీకు సరిపడుతుంది. ఆత్రం లేనివారు చెడ్డ వైద్యులని నా ఉద్దేశం కాదు. వారికి అత్యవసర శస్త్రచికిత్సో, మత్తు వైద్యమో మరింత తృప్తినిస్తుంది.

మన ప్రాంతంలో తృప్తి ఎక్కడ దొరుకుతుంది

గ్రహణ మొర్రితో పుట్టిన బిడ్డ సుమారు 700 కాన్పులకు ఒకరు ఉంటారని సాధారణ అంచనా. పెదవిని మూడు నుంచి ఆరు నెలల వయసులోనూ, అంగిలిని తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్యలోనూ మూస్తారు. పెదవికి ముందు బిడ్డ వయసు పది వారాలు, బరువు పది పౌన్లు, హిమోగ్లోబిన్ పది గ్రాములు ఉండాలన్న పాత సూత్రం ఇప్పటికీ పనికివస్తుంది. చాలామంది అక్కడితో కథ ముగిసిందనుకుంటారు. నిజానికి ఆ బిడ్డకు మాటలు వచ్చే వయసులో స్పీచ్ థెరపీ కావాలి. ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగకముందే, చిగుళ్ల ఎముకలోని సందులో తుంటి ఎముక ముక్కలు నింపాలి. ఎదుగుదల పూర్తయ్యాక ముక్కు సరిచేయాలి. అంటే ఒక్క బిడ్డతో మీ అనుబంధం పదహారు, పద్దెనిమిది ఏళ్లు సాగుతుంది. ఈ అనుబంధం మొదటిరోజున ఒక చిన్న పనితో మొదలుపెట్టాలి. అత్తగారూ, ఆడపడుచులూ వింటుండగానే, గ్రహణం చూడడానికీ ఈ చీలికకూ ఏ సంబంధమూ లేదనీ, తల్లి తప్పు ఏమీ లేదనీ గట్టిగా చెప్పండి. ఆ తల్లి మీకు పద్దెనిమిదేళ్లూ తిరిగి వస్తుంది. శస్త్రచికిత్స ఎంత బాగా చేసినా, ఈ ఒక్క మాట చెప్పని డాక్టరు దగ్గరకు ఆమె రెండోసారి రావడం అనుమానమే.

కుష్ఠు వల్ల వంగిపోయిన చేతి వేళ్ళను సరిచేయడం మరో తృప్తికరమైన పని. నా మట్టుకు దీన్ని మించినది లేదు. 1940ల చివర్లో వెల్లూరులో పాల్ బ్రాండ్ ఈ శస్త్రచికిత్సకు బాట వేశారు. పక్షవాతం సోకిన చిన్న కండరాల పనిని, బాగా పనిచేస్తున్న మరో కండరపు స్నాయువుకు అప్పగించడం దీని సారాంశం. ఉదాహరణకు, ఒక వేలిని వంచే రెండు స్నాయువుల్లో ఒకదాన్ని తీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్ళకూ కలుపుతారు. దాదాపు మూడు వారాలు పట్టీలో ఉంచి, ఆ తరవాత చేతికి కొత్త పని నేర్పించాలి. ఎం.డి.టి. (కుష్ఠుకు కలిపి ఇచ్చే పలు మందులు) కోర్సు పూర్తయి, ఆరు నెలలుగా రియాక్షన్ (వ్యాధి ఉన్నట్టుండి రేగి నరాలు వాచడం) లేకుండా, కీళ్ళు మెత్తగా ఉన్నవారికే చేయాలి. ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ కొత్త కుష్ఠు కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కొరాపుట్ వైపు నుంచి కొండ దిగగానే సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. చంద్రపూర్ జిల్లా వరోరా దగ్గర బాబా ఆమ్టే 1949లో ఆనందవన్ స్థాపించారు. వీలుంటే ఇటువంటి చోట కొన్ని వారాలు గడపండి. ఏళ్ల తరబడి చెంచాతో తిన్న మనిషి అన్నంలో పప్పు కలుపుకొని ముద్ద చేసి నోట్లో పెట్టుకోవడం చూస్తే, ఈ వృత్తిలో దొరికే ప్రతిఫలం ఏమిటో వేరే ఎవరూ వివరించనక్కర్లేదు.

ఎలుగుబంటి గాయాలు మన కొండ ప్రాంతాల ప్రత్యేకత. ఇప్ప పువ్వు రాలే వేసవి మొదట్లో, తెల్లవారకముందే ఏరడానికి వెళ్ళినవారి ముఖం మీద ఎలుగుబంటి పంజా విసురుతుంది. ముక్కు, కనురెప్ప, చెంప ఊడిపోయి వస్తారు. గాయాన్ని సెలైనుతో ధారాళంగా కడగడం, రేబిస్ టీకా, ఇమ్యునోగ్లోబులిన్, ధనుర్వాతం ఇంజెక్షన్ మొదటి గంటల పని. ముక్కు నిర్మాణం తరవాత వస్తుంది. నుదుటి చర్మాన్ని ఒక కాడతో సహా కిందికి తిప్పి ముక్కుగా అమర్చి, సుమారు మూడు వారాల తరవాత ఆ కాడను తెంచుతారు. ఇది మనవాళ్ల విద్యే. సుశ్రుత సంహితలో ముక్కు నిర్మాణం ఉంది. టిప్పు సుల్తానుతో 1792లో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లు తోలిన కవాస్‌జీ ముక్కు కోయబడితే, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన నుదుటి చర్మంతో అతనికి ముక్కు కట్టాడు. ఆ వివరం 1794 అక్టోబరులో ఒక లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అందులోనూ సుమారు 25వ రోజున కాడ తెంచాలని ఉంది. దాన్ని చదివి ప్రేరణ పొందిన జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ లండన్‌లో అదే పద్ధతిని ప్రయోగించి 1816లో గ్రంథం వేశాడు. ఆ కాడ తెంచే రోజుకు రోగి తిరిగి వస్తేనే ముక్కు ముక్కులా ఉంటుంది. రాకపోతే నుదుటి నుంచి వేలాడే చర్మపు తాడుతో ఊరంతా తిరుగుతాడు.

కాలిన గాయాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, మీరు రోజూ చూస్తున్నారు. మెడ ఛాతీకి అతుక్కుపోయి గడ్డం ఎత్తలేని ఆడపిల్లకు గ్రాఫ్ట్ వేసి మెడ విడిపిస్తే, వారంలో తల ఎత్తుతుంది. కానీ ఆ గ్రాఫ్ట్ ముడుచుకుపోకుండా నెలల తరబడి మెడ స్ప్లింటు పెట్టుకోవాలి, మచ్చను నొక్కి ఉంచే బిగుతు వస్త్రాన్ని రోజుకు 23 గంటలు ధరించాలి, కొబ్బరి నూనెతో మర్దనా చేయాలి. బరంపురం, ఛత్రపురం ఉక్కపోతలో ఆ వస్త్రాన్ని ఎవరు మాత్రం వేసుకుంటారు? రెండు జతలు ఇచ్చి, ఉతికి ఆరేసే పద్ధతి చూపించి, మధ్యాహ్నం తప్పనిసరిగా ఒక గంట విప్పమని చెప్పండి. ఏ వెసులుబాటూ ఇవ్వకపోతే పూర్తిగా విప్పేస్తారు.

చేతి గాయాల విషయంలో రోగి వృత్తిని మొదట అడగండి. బరంపురంలో పట్టుమగ్గం మీద కూర్చునే మనిషికి బొటనవేలు తెగితే, అది తిరిగి అతికించడానికి ఎన్ని గంటలైనా శ్రమించదగినదే. తెగిన వేలిని కడిగి, తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచులో ఉంచి పంపాలనీ, వేలిని నేరుగా మంచులో పెట్టకూడదనీ చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ముందే నేర్పించండి. ఇది మీ చేతి విద్యకంటె ఎక్కువ వేళ్ళను కాపాడుతుంది.

సౌందర్య చికిత్సను గురించి

జుట్టు మార్పిడి, కొవ్వు తీయడం, మగపిల్లల్లో పెరిగిన రొమ్మును తగ్గించడం వంటివాటిని చిన్నచూపు చూడకండి. చొక్కా విప్పి చెరువులో స్నానం చేయడానికి సిగ్గుపడే కుర్రవాడి బాధ నిజమైనదే. బస్తీలో ఈ ప్రాక్టీసు ఇచ్చే ఆదాయమే కొండ మీది బిడ్డకు ఉచితంగా చేయడానికి మీకు వీలు కలిగిస్తుంది. అయితే పెళ్ళిచూపులకు పది రోజుల ముందు వచ్చి ముక్కు మార్చమనే వారినీ, కనీకనిపించని లోపాన్ని చూపిస్తూ ఇప్పటికే ముగ్గురు డాక్టర్లను మార్చిన వారినీ ఆపరేషన్ చేయకుండా పంపించడం నేర్చుకోండి. రెండో రకం వారికి మానసిక వైద్యుడి సహాయం కావాలి. కత్తితో వారి బాధ తగ్గదు, మీ మనశ్శాంతి మాత్రం పోతుంది.

ఓటమి రాత్రులు

ఫ్రీ ఫ్లాప్ (ఒక చోట నుంచి రక్తనాళాలతో సహా తీసి, మరో చోట నాళాలు కలిపి అమర్చిన కండ) వేసిన మొదటి రెండు మూడు రోజుల్లో అది నీలి రంగుకు తిరిగితే, సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానించి అర్ధరాత్రైనా థియేటరుకు తీసుకుపోవాలి. గంటగంటకూ రంగు, వెచ్చదనం చూసే నర్సులను మీరే తయారుచేసుకోవాలి. అంత చేసినా కొన్ని ఫ్లాపులు చచ్చిపోతాయి. అప్పుడు బంధువులకు ఏం జరిగిందో దాచకుండా, అదే ఉదయం, కూర్చోబెట్టి చెప్పండి. శిక్షణ కాలంలో మీ సీనియర్లు ఈ సంభాషణను ఎలా నడుపుతున్నారో ఆపరేషన్ కంటె శ్రద్ధగా గమనించండి.

రోగి తిరిగి వచ్చేలా చేయడం

మన జిల్లాల్లో సర్జనుకు తృప్తి దక్కకపోవడానికి ప్రధాన కారణం రోగి మళ్ళీ కనిపించకపోవడమే. గుణుపురం నుంచి వచ్చినవాడు కుట్లు విప్పించుకొని వెళ్ళిపోతాడు. బాగుపడ్డాడో, మళ్ళీ ముడుచుకుపోయిందో మీకు తెలియదు. ఇలా అయిదేళ్లు గడిస్తే, చేసిన పని అంతా శూన్యంలోకి పోతున్నట్టుంటుంది. దీన్ని విధి అనుకోకుండా, ఆపరేషన్ పథకంలో భాగంగానే చూసుకోవాలి.

మళ్ళీ రావలసిన తేదీని మీ సౌకర్యం ప్రకారం కాకుండా, రోగి ఊరి సంత రోజునో, వారికి రైలూ బస్సూ అందే రోజునో నిర్ణయించండి. వరి నాట్లు, కోతలు, రథయాత్ర రోజుల్లో ఎవరూ రారు; ఆ వారాలను వదిలేయండి. దశలవారీ ఆపరేషన్లను, వీలున్నంతవరకు, పొలం పని లేని నెలలకు సర్దండి. ఎప్పుడో ఒకసారి మీరే పర్లాకిమిడికో, రాయగడకో వెళ్ళి, ఒకే రోజున పాత రోగులందరినీ ఒక చోటకు రప్పించి చూడడం ఎంతో మేలు. ఒక్కొక్కరుగా బరంపురం రావడానికి ఖర్చయ్యేదానిలో మీ ప్రయాణ ఖర్చు ఏ మూలకూ రాదు.

భాష మరో అడ్డంకి. తెలుగూ ఒడియా వస్తే బస్తీలో గడిచిపోతుంది, కొండ మీద చాలదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాశారు. మనం కనీసం "నొప్పి ఉందా, వేలు కదుపు, మళ్ళీ రా" అన్న మాటలైనా సవరలోనూ, కోందుల భాష కుయిలోనూ నేర్చుకోలేమా? దుబాసీగా ఆసుపత్రి సిబ్బందినే నమ్ముకోకుండా, ఆ ఊరి ఆశా కార్యకర్త ఫోను నంబరును కేస్ షీటు మొదటి పుటలోనే రాయించండి.

డబ్బు సంగతి ముందుగానే తేల్చండి. పుట్టుకతో వచ్చిన మొర్రి వంటివాటికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత చికిత్స ఉంది. ఆమ్ల దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా ప్రథమ చికిత్స, వైద్యం అందించాలని చట్టం చెబుతోంది. కనీసం మూడు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2013లో సుప్రీం కోర్టు ఆదేశించింది. సరిహద్దు ఊళ్ళలో ఒక రాష్ట్రపు ఆరోగ్య కార్డు మరో రాష్ట్రపు ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో రోగి బయలుదేరకముందే ఫోనులో కనుక్కోవాలి. ఇచ్ఛాపురం దాటి బరంపురం వచ్చాక కార్డు చెల్లదని తెలిస్తే, ఆ కుటుంబం మళ్ళీ గడప తొక్కదు.

ఫొటోలను ఒక క్రమంలో తీయండి. ఆపరేషన్ ముందు, నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఒకే దూరం నుంచి, ఒకే రంగు గోడ ముందు, రోగి రాతపూర్వక అనుమతితో తీసి, ఆసుపత్రి రికార్డులోనే భద్రపరచండి. వాట్సాప్‌లో తిప్పకండి. పనిలో నిరుత్సాహం కలిగిన నాడు ఈ ఫొటోలను వరసగా చూసుకోవడానికి ఏడాదికి కొన్ని గంటలు కేటాయించండి. ఎక్కడ మీ పద్ధతి మారాలో కూడా అవే చెబుతాయి. ఏడాది ఫొటో లేని రోగుల పేర్లను విడిగా రాసి, ఆశా కార్యకర్తల ద్వారా కబురు పంపండి.

చివరగా, గ్రహణ మొర్రి పిల్లలకు వేరుగా ఒక రిజిస్టరు పెట్టండి. అందులో ప్రతి బిడ్డకూ చిగుళ్ల ఎముక నింపవలసిన ఏడాది, ముక్కు సరిచేయవలసిన ఏడాది ముందే రాసి ఉండాలి. మీరు బదిలీ అయినా, మరో ఊరు వెళ్ళినా, ఆ పుట జిరాక్సు ఒకటి తల్లిదండ్రుల దగ్గర, ఒకటి మీ స్థానంలోకి వచ్చిన సర్జను దగ్గర ఉండేలా చూడండి. తొమ్మిదేళ్ల తరవాత ఆ బిడ్డను మీరే చూస్తారన్న హామీ లేదు కాబట్టి, ఆ కాగితంలో చేసిన ఆపరేషన్ పద్ధతి, తేదీ, వాడిన దారం వరకు వివరాలన్నీ స్పష్టంగా రాసి సంతకం పెట్టండి.